సంఖ్యారేఖ మీద డేటా సఫిషియన్సీ: చుక్కల్ని కదిపి చూడండి

పోటీ పరీక్షల్లో వచ్చే డేటా సఫిషియన్సీ లెక్కలో ఒక ప్రశ్న, దాని కింద సమాచారంగా రెండు స్టేట్‌మెంట్లు ఇస్తారు. అందులో అడిగేది జవాబు ఎంత అని కాదు, జవాబు తేలుతుందా తేలదా అని. ఈ సంగతి ప్రిపేర్ అయ్యేవాళ్లందరికీ తెలుసు. అయినా సంఖ్యారేఖ లెక్క కనబడగానే చెయ్యి దానంతటదే ఒక గీత గీసి, మూడు చుక్కలు పెట్టి, ఆ బొమ్మలో జవాబు వెతకడం మొదలుపెడుతుంది. తప్పు జరిగేది అక్కడే. ఒక బొమ్మలో ఒక సందర్భమే కనబడుతుంది. ఇచ్చిన షరతు చెడకుండా ఆ చుక్కల్ని ఇంకోచోటికి జరపగలమా, జరిపితే జవాబు మారుతుందా అన్నది చూడాలి. మారితే సమాచారం చాలదు. ఎలా జరిపినా మారకపోతే చాలుతుంది.

ఇక్కడ బిందువులకు క, గ, చ, ప అని పేర్లు పెట్టుకుందాం. ఆ పేరే ఆ బిందువు దగ్గరున్న సంఖ్య కూడా. |క − గ| అంటే క, గ మధ్య దూరం. |క| అంటే సున్న నుంచి క ఎంత దూరమో అది. పరమమూల్యాన్ని ఎప్పుడూ దూరంగానే చదవడం అలవాటు చేసుకుంటే ఈ లెక్కల్లో సగం భారం తగ్గుతుంది.

ముందు ఆప్షన్ల సంగతి

ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో ఐదు ఆప్షన్లు ఎప్పుడూ ఒకే వరుసలో ఉంటాయి. ఎ: 1వ స్టేట్‌మెంట్ ఒక్కటే చాలు. బి: 2వది ఒక్కటే చాలు. సి: విడివిడిగా చాలవు, రెండూ కలిపితే చాలు. డి: ఏ ఒక్కటైనా విడిగా చాలు. ఇ: రెండూ కలిపినా చాలదు. 2023 నవంబరులో పరీక్ష మారాక ఈ ప్రశ్నలు లెక్కల విభాగమైన క్వాంట్ నుంచి డేటా ఇన్‌సైట్స్ విభాగంలోకి వెళ్లాయి. అందులో 45 నిమిషాలకు 20 ప్రశ్నలు, అంటే సగటున ఒక్కోదానికి రెండుంపావు నిమిషాలు.

ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో, ఆంధ్రప్రదేశ్‌దైనా తెలంగాణదైనా, అనలిటికల్ ఎబిలిటీలో 20 డేటా సఫిషియన్సీ ప్రశ్నలుంటాయి. అక్కడ నాలుగే ఆప్షన్లు: ఒకటోది చాలు, రెండోది చాలు, రెండూ కలిపితేనే చాలు, కలిపినా చాలదు. ‘ఏ ఒక్కటైనా చాలు’ అన్న ఆప్షన్ లేదు. మొత్తం 200 ప్రశ్నలకు 150 నిమిషాలు కాబట్టి ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లే దక్కుతాయి. బ్యాంకు పరీక్షల్లో ఐదు ఆప్షన్లుంటాయి కానీ వాటి వరుస జీమ్యాట్ వరుసలా ఉండదు. ఒక పరీక్షకు బట్టీపట్టిన వరుసతో ఇంకో పరీక్షకు వెళ్తే లెక్క సరిగ్గా చేసినా మార్కు పోతుంది. పైనున్న సూచనలు చదవడానికి పది సెకన్లు పోతే పోనివ్వండి.

ప్రశ్న ఏం అడుగుతోంది?

స్టేట్‌మెంట్ల వైపు చూసే ముందు, ప్రశ్న అడిగేది చోటా, దూరమా, వరుసా, గుర్తా అన్నది తేల్చుకోండి. ‘గ విలువ ఎంత’ అంటే చోటు. ‘క నుంచి చ ఎంత దూరం’ అంటే దూరం. ‘క, చ మధ్యలో గ ఉందా’ అంటే వరుస. ‘క × గ ధనాత్మకమా’ అంటే గుర్తు. ఇది తేలితే చుక్కల్ని కదిపే ఈ కింది మూడు పద్ధతుల్లో ఏది వాడాలో వెంటనే తెలుస్తుంది.

ఒకటి, జరపడం. అన్ని చుక్కల్నీ ఒకే దూరం కుడికో ఎడమకో జరిపితే వాటి మధ్య దూరాలు మారవు, వరుస మారదు. విలువలూ గుర్తులూ మారిపోతాయి. కాబట్టి రెండు స్టేట్‌మెంట్లూ బిందువుల మధ్య దూరాల గురించే చెప్పి, ప్రశ్న విలువ అడిగితే, లెక్క చేయనక్కర్లేదు. కలిపినా చాలదు.

రెండు, తిప్పడం. అద్దంలో చూసినట్టు కుడిని ఎడమ చేస్తే దూరాలు అలాగే ఉంటాయి, ఏది దేని మధ్య ఉందన్నదీ మారదు. కానీ ‘ఏది పెద్దది’ అన్న ప్రశ్నకు జవాబు తారుమారవుతుంది.

మూడు, సాగదీయడం. సున్నను కదపకుండా అన్నింటినీ 2తోనో 10తోనో గుణిస్తే గుర్తులు, వరుస, నిష్పత్తులు మారవు, దూరాలు మారతాయి. వేర్వేరు బిందువుల గుర్తులూ నిష్పత్తులూ మాత్రమే ఇచ్చి దూరం అడిగితే అదీ చాలదు.

సమాచారంలోకి బిందువుల మధ్య దూరం కాని స్థిరసంఖ్య ఒకటి వచ్చిందంటే రేఖ మీద మేకు దిగినట్టు. |క| = 5 అన్నారంటే సున్న దగ్గర మేకు పడింది, ఇక జరపడం కుదరదు. తిప్పడం మాత్రం ఇంకా కుదురుతుంది: క 5 కావచ్చు, −5 కావచ్చు.

దూరాల లెక్క

క, గ, చ సంఖ్యారేఖ మీద మూడు బిందువులు. క, చ మధ్య దూరం ఎంత?
(1) క, గ మధ్య దూరం 7.
(2) గ, చ మధ్య దూరం 4.

చాలామంది 11 అనుకుని ‘రెండూ కలిపితే చాలు’ అని గుర్తుపెడతారు. గ దగ్గర ఆగి చూడండి. క కి ఎదురువైపు చ ఉంటే దూరం 11. క ఉన్న వైపే ఉంటే 3.

క ——————— గ ———— చ
క ——— చ ———— గ

రెండు జవాబులు వచ్చాయి కాబట్టి కలిపినా చాలదు. ఒక బిందువు నుంచి దూరం ఇచ్చిన ప్రతిసారీ అటొకటి ఇటొకటి, రెండు చుక్కలు పెట్టడం నియమంగా పెట్టుకోండి. అక్షర క్రమంలో పేర్లున్నాయి కదా అని బిందువులు కూడా అదే క్రమంలో ఉంటాయనుకోవడం ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు.

ఇప్పుడు అదే లెక్కలో రెండు దూరాలూ 7 చేసి, ‘మూడూ వేర్వేరు బిందువులు’ అన్న మాట చేర్చండి. గ కి ఇరువైపులా ఉంటే 14. ఒకవైపే ఉంటే క, చ ఒకే చోట పడతాయి, దూరం 0. అది ‘వేర్వేరు’ అన్న మాటకు విరుద్ధం. మిగిలేది 14 ఒక్కటే, కాబట్టి రెండూ కలిపితే చాలు. చిన్నదిగా కనబడే ఆ ‘వేర్వేరు’ అన్న మాటే జవాబును మార్చేసింది. ప్రశ్నలో ఇలాంటి మాటలు, అంటే వేర్వేరు, పూర్ణాంకం, ధనాత్మక, సున్న కాని, ఏవి కనిపించినా కింద గీత పెట్టుకోండి.

మధ్యలో ఉందా?

వేర్వేరు బిందువులు క, గ, చ. క, చ మధ్య గ ఉందా?
(1) |క − చ| > |క − గ|
(2) |క − చ| > |గ − చ|

క ని 0 దగ్గర, చ ని 5 దగ్గర పెడదాం. మొదటిది చెప్పేది, క నుంచి గ 5 కన్నా తక్కువ దూరంలో ఉందని. గ = 3 అయితే మధ్యలో ఉంది, గ = −3 అయితే లేదు. చాలదు. రెండోది విడిగా చూస్తే, చ నుంచి గ 5 కన్నా తక్కువ దూరం. 3 అయితే ఉంది, 7 అయితే లేదు. ఇదీ చాలదు. రెండూ కలిపితే, మూడు దూరాల్లో క, చ ల దూరమే అన్నిటికన్నా పెద్దది. రేఖ మీద మూడు బిందువుల్లో ఎక్కువ దూరం ఉన్న జంట ఎప్పుడూ చివర్లలో ఉంటుంది, మిగిలింది లోపల ఉంటుంది. కాబట్టి రెండూ కలిపితే చాలు.

ఇక్కడ 0, 5 అని మన సొంత సంఖ్యలు పెట్టుకోవడానికి ధైర్యం ఎక్కడిది? ప్రశ్నా, స్టేట్‌మెంట్లూ అన్నీ దూరాల పోలిక గురించే. జరిపినా, తిప్పినా, సాగదీసినా ఏదీ మారదు. అలాంటప్పుడు రెండు బిందువుల్ని నచ్చిన చోట నిలబెట్టి మూడోదాన్ని మాత్రమే కదపవచ్చు. ప్రశ్నలో గుర్తు ప్రస్తావనో స్థిరసంఖ్యో ఉంటే ఈ స్వేచ్ఛ ఉండదు.

రెండో స్టేట్‌మెంట్ చూసేటప్పుడు మొదటిదాన్ని చేత్తో మూసేయండి. పై లెక్కలో గ = 7 అన్నది మొదటి షరతుకు సరిపోదు. అది గుర్తుండిపోతే 7ని పరీక్షించకుండానే ‘రెండోది ఒక్కటే చాలు’ అని రాసేస్తారు. రెండో స్టేట్‌మెంట్‌కు వేరే గీత గీయండి, పాత గీత మీదే దిద్దకండి.

పరమమూల్యంలో కూడిక గుర్తు

ప విలువ ఎంత?
(1) |ప − 3| = 5
(2) |ప + 2| = 10

మొదటిది: 3 నుంచి 5 దూరం, అంటే 8 లేదా −2. రెండోది: |ప + 2| అంటే ప నుంచి −2 కి దూరం, ఎందుకంటే ప + 2 = ప − (−2). కాబట్టి 8 లేదా −12. రెండింటిలో ఉన్నది 8 ఒక్కటే. కలిపితే చాలు.

రెండోదాన్ని తొందరలో ‘2 నుంచి 10 దూరం’ అని చదివితే 12, −8 వస్తాయి. మొదటిదానితో ఏదీ కలవదు. అలా ఏదీ కలవకపోవడమే మంచి హెచ్చరిక. జీమ్యాట్‌లో రెండు స్టేట్‌మెంట్లు ఒకదానికొకటి విరుద్ధంగా ఉండవు. ఒకదాన్ని బట్టి ప = 8, ఇంకోదాన్ని బట్టి ప = 12 అని తేలితే తప్పు ప్రశ్నలో లేదు, మన చదవడంలో ఉంది. వెనక్కి వెళ్లి గుర్తులు సరిచూసుకోండి.

గుర్తుల లెక్క

క < గ < చ. గ ధనాత్మకమా?
(1) క × గ × చ < 0
(2) |క| = |చ|

మూడు సంఖ్యల లబ్ధం రుణాత్మకం అంటే ఒకటి రుణాత్మకం కావచ్చు, మూడూ కావచ్చు. క ఒక్కటే రుణాత్మకమైతే గ ధనాత్మకం, మూడూ అయితే కాదు. మొదటిది చాలదు. రెండోది: సున్న నుంచి క, చ సమాన దూరంలో ఉన్నాయి, రెండూ ఒకటి కావు. కాబట్టి సున్న వాటి సరిగ్గా మధ్యలో ఉంది. క రుణాత్మకం, చ ధనాత్మకం. వాటి మధ్య గ ఎక్కడైనా ఉండొచ్చు, సున్న మీద కూడా. చాలదు. కలిపితే క × చ రుణాత్మకం, మొత్తం లబ్ధమూ రుణాత్మకం, కాబట్టి గ ధనాత్మకమే. కలిపితే చాలు.

ఉందా లేదా అని అడిగే ప్రశ్నల్లో ఇంకో సంగతి. ‘గ > 3 అవుతుందా?’ అని అడిగి ‘గ < 2’ అని ఇస్తే జవాబు ‘కాదు’. ఖచ్చితంగా కాదు అని తేలింది కాబట్టి ఆ సమాచారం చాలుతుంది. ‘కాదు’ అని రాగానే ‘చాలదు’ అని గుర్తుపెట్టేవాళ్లు బాగా చదివేవాళ్లలోనూ ఉన్నారు. చాలకపోవడం అంటే ఒకసారి అవుననీ ఒకసారి కాదనీ రావడం, అంతే.

−గ ఎక్కడుంది అన్నదీ తికమక పెడుతుంది. ముందు మైనస్ ఉంది కాబట్టి సున్నకు ఎడమనే అనుకుంటారు. −గ అంటే సున్న దగ్గర అద్దం పెడితే కనబడే గ. అసలు గ ఎడమన ఉంటే −గ కుడిన ఉంటుంది.

నాలుగు గదులు

వర్గాలు, ఘనాలు, వ్యుత్క్రమాలు (1/క లాంటివి) వచ్చినప్పుడు రేఖను −1, 0, 1 దగ్గర కోసి నాలుగు గదులు చేయండి. ఒక్కో గది నుంచి ఒక సంఖ్య: −2, −1/2, 1/2, 2. వీటితోపాటు −1, 0, 1 సరిహద్దుల్ని కూడా చూడాలి. 2, 3, 5 లాంటి ధన పూర్ణాంకాలతోనే పరీక్షిస్తే నాలుగు గదుల్లో ఒక్కదానికే వెళ్లినట్టు.

సున్న కాని సంఖ్య క. 0, 1 మధ్య క ఉందా?
(1) క³ < క
(2) 1/క > క

మొదటిది: −2 పెడితే −8 < −2, సరే. −1/2 పెడితే −1/8 అన్నది −1/2 కన్నా పెద్దది, కుదరదు. 1/2 పెడితే 1/8 < 1/2, సరే. 2 కుదరదు. అంటే క −1కి ఎడమనైనా ఉంటుంది, 0–1 మధ్యనైనా. చాలదు. రెండోది: −2కి −1/2 > −2, సరే. −1/2కి −2 అన్నది −1/2 కన్నా చిన్నది, కుదరదు. 1/2కి 2 > 1/2, సరే. 2 కుదరదు. మళ్లీ అవే రెండు గదులు. చూడటానికి వేరుగా ఉన్నా రెండూ ఒకే మాట చెబుతున్నాయి. కలిపినా కొత్తగా ఏమీ రాదు, చాలదు. మొదటిదాని స్థానంలో క² < క అని ఉంటే అది ఒక్కటే చాలేది, ఎందుకంటే అది 0–1 గదిలో తప్ప ఎక్కడా నిజం కాదు.

‘రెండు స్టేట్‌మెంట్లున్నాయి, విడిగా చాలలేదు, కలిపితే తేలుతుందిలే’ అనుకోవడాన్ని దెబ్బకొట్టడానికే ఇలాంటి ప్రశ్నలు తయారుచేస్తారు. కలిపేముందు రెండోది మొదటిదానికి ఏమైనా చేర్చిందా అని చూడాలి.

సమాన దూరంలో గీతలు

రేఖ మీద సమాన దూరంలో ఐదు గీతలున్నాయి. ఎడమ నుంచి రెండో గీత క, ఐదో గీత గ. గ విలువ ఎంత?
(1) గ − క = 12
(2) మొదటి గీత నుంచి ఐదో గీతకు దూరం 16.

రెండో గీత నుంచి ఐదో గీతకు మూడు ఖాళీలు, కాబట్టి ఖాళీ 4. మొదటి నుంచి ఐదుకు నాలుగు ఖాళీలు, మళ్లీ 4. ఒకే మాట రెండుసార్లు చెప్పారు. మేకు ఎక్కడా లేదు, మొత్తం రేఖను జరిపేయొచ్చు. చాలదు. రెండోదాన్ని ‘క + గ = 10’గా మారిస్తే మేకు దిగుతుంది: గ = 11, క = −1. అప్పుడు కలిపితే చాలు. అదే ప్రశ్న ‘ఖాళీ ఎంత’ అని అడిగి ఉంటే ఇచ్చిన రెండింటిలో ఏ ఒక్కటైనా సరిపోయేది.

గీతల్ని కాదు, ఖాళీల్ని లెక్కపెట్టండి. ఐదు గీతల మధ్య ఐదు ఖాళీలు అనుకుంటే 16/5, 12/4 అని పొంతన లేని విలువలొస్తాయి.

బొమ్మ ఇచ్చినప్పుడు జీమ్యాట్‌లో బిందువుల వరుసను నమ్మొచ్చు, పొడవుల్ని కొలవకూడదు. సున్న బొమ్మ మధ్యలో కనబడినంత మాత్రాన అది రెండు బిందువుల మధ్యబిందువు అయిపోదు.

ఏది దగ్గర?

క < గ అయినప్పుడు, గ కన్నా క కి ప దగ్గరగా ఉందా అంటే, మధ్యబిందువు (క + గ)/2 కి ప ఎడమన ఉందా అని అడిగినట్టే. ‘2ప < క + గ’ అని ఇస్తే అది ఈ మాటే, చాలుతుంది. ‘ప < క’ అని ఇచ్చినా చాలుతుంది. క ఎక్కడుందో, గ ఎంత దూరమో తెలియకపోయినా, క కన్నా ఎడమన ఉన్నది గ కన్నా క కే దగ్గర. దూరాలు తెలియకుండా దగ్గర దూరాలు తేలవనుకుని రెండోదాన్ని కొట్టేయకండి.

పూర్ణాంకాలు

క, గ మధ్య ఎన్ని పూర్ణాంకాలున్నాయి అని అడిగి |క − గ| = 6 అని ఇచ్చారు. క, గ పూర్ణాంకాలని ప్రశ్నలో ఉంటే జవాబు 5, చాలుతుంది. లేకపోతే 0.5, 6.5 తీసుకోండి: మధ్యలో 1 నుంచి 6 దాకా ఆరున్నాయి. చెప్పనంతవరకూ ప్రతి అక్షరమూ వాస్తవ సంఖ్యే, భిన్నం కావచ్చు, రుణాత్మకం కావచ్చు, సున్న కావచ్చు.

చేసి చూడటానికి మూడు

మొదటిది. క < గ. క × గ > 0 అవుతుందా? (1) |క| > |గ| (2) −గ సున్నకు కుడివైపు ఉంది.

రెండోది. ప పూర్ణాంకం. ప విలువ ఎంత? (1) −3.5 < ప < −1.5 (2) |ప + 4| < |ప + 1|

మూడోది. వేర్వేరు బిందువులు క, గ, చ. క పెద్దదా, చ పెద్దదా? (1) క, చ ల మధ్యబిందువు గ. (2) |గ − చ| = 6

మొదటిదానిలో రెండో స్టేట్‌మెంట్ ఒక్కటే చాలు: గ రుణాత్మకం, దానికి ఎడమనున్న క కూడా రుణాత్మకమే. మొదటి స్టేట్‌మెంట్ క రుణాత్మకమని మాత్రమే చెబుతుంది; క = −5 అనుకుంటే గ 2 కావచ్చు, −2 కావచ్చు. రెండో లెక్కలో (1) వల్ల −3, −2 మిగులుతాయి. (2) వల్ల ప అన్నది −1 కన్నా −4 కి దగ్గర, అంటే −2.5 కి ఎడమన; విడిగా −3, −4, −5 ఏదైనా కావచ్చు. కలిపితే −3. మూడోదానిలో అన్నీ దూరాలూ మధ్యలూ మాత్రమే. గ దగ్గర అద్దం పెట్టి తిప్పితే షరతులన్నీ అలాగే ఉంటాయి, క, చ లు తారుమారవుతాయి. కలిపినా చాలదు.